దట్టంగా పూయమన్న టీచరమ్మగారు

మా వీధి టీచరమ్మగారు మొన్న ఆదివారం పోయారు. కబురు తెలిసి వెళ్తే, బతికుండగా ఆవిడ చేతి మంచినీళ్ళు ముట్టనివాళ్ళంతా అరుగు నిండా కూర్చుని "దేవతండీ" అంటున్నారు. ఆవిడ చేతుల మీద బొల్లి మచ్చలున్నాయని ముట్టేవారు కాదు. ఇప్పుడు దేవతట! వినలేక వచ్చేశాను.

కొన్నేళ్ళ కిందట నా మనవరాలి మొహానికీ అవే మచ్చలు వచ్చాయి. ఎండ తగిలితే చాలు, కమిలి పొక్కేవి. డాక్టరుగారు ఎండకి పూసుకునే తెల్ల మలాం రాశారు. మందులషాపు అతను, అన్నీ తెలిసినవాడిలా, "మొహానికి రాసుకునే స్నోలాగా పిసరు తీసి, తెలుపు కనపడకుండా రుద్దండి, చాలు" అన్నాడు. అలాగే రుద్దాం. మొహం మళ్ళీ పొక్కింది. చీము పడితే? కళ్ళకి పాకితే? నాకు అన్నం సహించేది కాదు. మా అబ్బాయి తేల్చేశాడు: "మందు దండగమ్మా. సోమవారం నించి బడి మానిపించేద్దాం."

పిల్ల ఏడుపు విని టీచరమ్మగారు వచ్చారు.

"ఎంత రాసేరండీ?"

వేలికొసన చూపించాను.

"ఇది పూతాండీ, దిష్టిచుక్కా?"

"షాపతను చెప్పేడండీ."

"పౌడర్లమ్ముకునేవాడికి ఎండ సంగతేం తెలుసండీ? మందు చేసినవాళ్ళు దట్టంగా పూసి చూసుంటారు. మీరు పిసరు పూసి మందుని తిడతన్నారు. గోడకి నీళ్ళసున్నం ఒక్క పూత కొట్టి, సున్నం మంచిది కాదంటారా?"

ఆవిడ మోచేతి కింద పెద్ద మచ్చ ఉండేది. అందులో సగానికి మాలాగే పిసరు రుద్దారు. మిగతా సగానికి తెల్లగా, మందంగా పూశారు. మా పెరట్లో కొబ్బరికాయలు ఒలిచే చోట నడినెత్తి ఎండలో చెయ్యి చాపుకుని కూర్చున్నారు. "లేవండి తల్లీ, మీకేమన్నా అయితే?" అంటూ నేను గొడుగుతో చుట్టూ తిరగడం, "నీడ పడతంది, తప్పుకోండి" అని ఆవిడ కసరడం.

సాయంత్రానికి పలచగా రుద్దిన సగం మిరపపండులా కందింది. దట్టంగా పూసిన సగం చెక్కుచెదరలేదు. ఆ చెయ్యి మా అబ్బాయి మొహం ముందు పెట్టి, "ఇప్పుడు చెప్పండి బాబూ, ఏది మానిపిస్తారు? బడా, మీ పిసినారి పూతా?" అన్నారు. వాడు మలాం తెచ్చి పిల్ల ముందు పెట్టాడు.

పిల్ల మాత్రం మొరాయించింది. "మొహమంతా తెల్లగా ఉంటే నవ్వుతారు టీచర్, నేను వెళ్ళను."

సోమవారం పొద్దున్న టీచరమ్మగారు మా గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ మొహం మీద ఒక్క మచ్చా లేదు. అయినా నుదురు నుంచి గడ్డం దాకా మలాం మెత్తుకుని వచ్చారు. పిల్ల ఫక్కున నవ్వి, తనూ పూయించుకుని, సంచీ తీసుకుంది.

కాలవగట్టున ఎవడో వెధవ "పగటివేషాలొచ్చేయిరోయ్!" అని అరిచాడు. ఆవిడ తల తిప్పలేదు. రెండు తెల్లటి మొహాలు ఎండలో పక్కపక్కనే, చెమట కారుతున్నా తుడుచుకోకుండా, గట్టు మలుపు దాకా వెళ్ళాయి.