కడిగిన రోలు

కృష్ణవేణికి శుభ్రం పిచ్చి. మా అపార్ట్‌మెంట్‌లో మావి పక్కపక్క గుమ్మాలు. ఆమె చీపురు పట్టిందంటే నా ఇల్లు చూసుకుని నాకే సిగ్గేసేది. అలాంటి మనిషి ఒక స్టీలు డబ్బాను మాత్రం మూడేళ్ళు కడగలేదు. పోయేముందు వాళ్ళమ్మ పంపిన కందిపొడి అది. అడుగున రెండు చిటికెలు మిగిలాయి. అప్పుడప్పుడూ మూత తీసి వాసన చూసుకునేది.

శాన్ హోజే దాటాక కొండల్లో ఓక్ చెట్ల రక్షిత వనం ఒకటుంది. మధ్యధరా దేశాల్లో లాగే అక్కడ వేసవంతా చినుకు పడదు, గడ్డి పసుప్పచ్చగా ఎండిపోతుంది. ఆ చెట్ల కింద బండల మీద గుంతలుంటాయి. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట అక్కడి ఆదివాసీ ఆడవాళ్ళు ఓక్ గింజలు దంచుకున్న రోళ్ళు అవి. కృష్ణవేణిది భర్త ఉద్యోగం మీద వచ్చిన హెచ్-4 వీసా, ఉద్యోగం చేయకూడదు. పిల్లలు లేరు. పాపం, ఎంతకని ఇల్లు తుడుస్తుంది? అక్కడ జీతం లేని గైడ్‌గా చేరింది. శనివారాలు బ్యాడ్జి పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ రాళ్ళు ముట్టుకోవద్దని చెప్పేది. బ్యాడ్జి పెట్టుకున్న రోజు ఆమె నడకే వేరు.

2011లో ఇండియాలో చెల్లెలి పెళ్ళి కుదిరింది. వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది, వెళితే తిరిగి రానిస్తారో లేదో. తల్లి లేని పెళ్ళి. పసుపు కొట్టేటప్పుడు మొదటి పోటు అక్కే వేయాలి.

"అదే టైమ్‌కి నేనిక్కడ కొడతా వదినా. కార్‌లో డ్రాప్ చెయ్యవా?" అంది.

నాకూ బుద్ధి లేదు, తీసుకెళ్ళాను.

అన్నిటికన్నా లోతైన గుంత ఎంచుకుంది. నీళ్ళు పోసి, ఇంటినుంచి తెచ్చిన పీచుతో రుద్దింది. అడుగున అంటుకున్న నల్లటి జిడ్డు పోయేదాకా వదల్లేదు. కడగని రోట్లో పసుపెలా కొడతాం? మాకది ముట్టుకోవడం అనిపించలేదు, మర్యాద అనిపించింది. బొట్లు పెట్టి, నాలుగు పసుపు కొమ్ములు వేసి, గుండ్రాయితో దంచింది. ఏడుస్తూనే దంచింది. నేనూ ఏడ్చాను.

వారం తిరక్కముందే ఆ వనం చూసుకునే రేంజర్ మమ్మల్ని పిలిచాడు. పసుపు మరక దాగుతుందా! కృష్ణవేణి తనే చేశానని ఒప్పుకుంది. ఆ రోళ్ళు ఏ ఆదివాసీలవో ఆ తెగ పెద్దావిడ కూడా వచ్చి కూర్చుంది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"లోపల ఏమైనా ఉందా?" అని మాత్రం అడిగింది.

"నల్లగా ఏదో ఉంది. క్లీన్ చేశాను," అంది కృష్ణవేణి.

అప్పుడావిడ చెప్పింది. ఆ నలుపు తమ అవ్వలు దంచిన పిండి. ఆ ఒక్క గుంతలోనే మిగిలింది. వాళ్ళేం తిన్నారో తెలుసుకోవడానికి వచ్చే నెల పరీక్ష చేయించాలనుకున్నారు.

"అందాకా పాడవకూడదని మేం కూడా వేలు పెట్టలేదు," అంది.

కృష్ణవేణి తనే బ్యాడ్జి తీసి బల్లమీద పెట్టింది. వద్దని ఎవరూ అనలేదు.

మర్నాడు పొద్దున కాఫీకని వాళ్ళింటికి వెళ్ళాను. సింక్ పక్కన ఆ స్టీలు డబ్బా తోమి బోర్లించి ఉంది.

"ఎంత పని చేశావే! అమ్మది కదే అది!"

చేతులు తుడుచుకుంటూ నా వైపు చూసింది.

"వాళ్ళవ్వది కడిగేసి, మా అమ్మది ఎట్లా దాచుకోను వదినా?" అంది.