నాలుగో మిషన్‌కు విశ్రాంతి

మా సంఘం అధ్యక్షుడికి మూడు బోర్లు, మూడు మోటార్లు ఉండేవి. మోటారు కాలిపోతే రైతు బతుకు ఏమవుతుందో తనకు తెలిసినంతగా జిల్లాలో ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. అందుకే ఒక్కో మోటారునూ వంతుల మీద కాసేపు ఆపి, తడి గోనెసంచి కప్పి, చల్లబడ్డాకే మళ్ళీ వేసేవాడు. మంచిదే, ఎవరి మోటార్లు వాళ్ళిష్టం. నా కొంప ముంచింది ఏమిటంటే, ఆయన లెక్కలో కంప్యూటరు కూడా మోటారే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎంసీఏ చదివి గోరంట్లలో ఆ రైతు సంఘం ఆఫీసులో చేరాను. సంఘం ఏటా తొలకరికి వేరుశనగ విత్తనం పంచేది. గోరంట్ల, చిలమత్తూరు, పుట్టపర్తిలో కౌంటర్లు. కౌంటర్లో రైతు పేరు కొడితే, అది టెలిఫోను తీగ మీదుగా మా ఆఫీసు గదికి వచ్చేది. గదిలో మూడు సర్వర్లు ఉండేవి. మూడింట్లోనూ ఒకే ప్రోగ్రాం. ఏది ఖాళీగా ఉంటే అది జవాబు చెప్పేది.

నాకంటే ముందు పనిచేసిన మహానుభావుడు, విత్తనం ఎవరికివ్వాలి, ఇదివరకే తీసుకున్నాడా లేదా అనే తతంగమంతా మూడింట్లోనూ విడివిడిగా రాసిపెట్టి, బెంగుళూరు చెక్కేశాడు. ఒక నిబంధన మారితే మూడు చోట్లా మార్చాలి. రెండు చోట్ల మార్చి మూడో చోట మరిచిపోయారో, ఒకే రైతుకు ఒక సర్వరు "ఇవ్వొచ్చు" అనేది, ఇంకోటి "కుదరదు" అనేది. జనం కౌంటరు ముందే కొట్లాడుకునేవాళ్ళు.

నేను ఆ తతంగాన్ని మూడింట్లోంచీ పీకేసి, నాలుగో మిషన్‌లో ఒక్కచోట పెట్టాను. పెళ్ళిలో వడ్డించేవాళ్ళు ముగ్గురున్నా వంటశాల ఒక్కటే ఉన్నట్టు. మూడు సర్వర్లూ రైతు అడిగింది తీసుకెళ్ళి నాలుగోదాన్ని అడగాలి, అది చెప్పింది తెచ్చి చెప్పాలి. సొంత తెలివి చూపించకూడదు. అబ్బో, ఎంత మురిసిపోయానో! అధ్యక్షుణ్ణి పిలిచి మరీ చూపించాను.

"అన్నా, ఈ మూడింట్లో ఒకటి ఆగినా మిగతా రెండూ పని లాక్కొస్తాయి. కౌంటరు నిలబడదు."

ఆయన ముఖం వెలిగిపోయింది. "అట్లయితే వంతుల మీద రెస్టు ఇయ్యొచ్చు గదమ్మా!"

ఇచ్చాడు కూడా. మధ్యాహ్నం పూట వచ్చి ఒకదాన్ని ఆపడం, అరచెయ్యి ఆనించి వేడి చూడడం, కాసేపయ్యాక మళ్ళీ వేయడం. ఏమీ కాలేదు, నా ఏర్పాటు అంత బాగుంది మరి. నాలుగోదానికి మాత్రం జోడుగా ఇంకొకటి కావాలని అడిగితే, దానివైపు జాలిగా చూశాడు. దానికి తెర లేదు, కీబోర్డు లేదు, దాని ముందు ఎవరూ కూర్చోరు.

"ఉత్తగా తిరిగేదానికి మళ్ళా జోడొకటా?" అన్నాడు.

ఆ ఏడు వాన ఆలస్యమైంది. చివరికి ఒక సాయంత్రం, చిలమత్తూరు పక్క మా ఊళ్ళో కూడా దంచి కొట్టింది. మర్నాడు మా నాయన తెల్లవారకముందే పోయి చిలమత్తూరు వరుసలో నిలబడ్డాడు. మాది ఎర్రనేల, పదును ఎక్కువ రోజులు నిలవదు. ఆ రోజు విత్తనం చేతికొస్తేనే గొర్రు కట్టి విత్తుకోవడం. రాకపోతే తడి ఆరిపోతుంది, మళ్ళీ వాన ఎప్పుడో మా సీమలో ఎవడూ చెప్పలేడు.

మధ్యాహ్నం నేను అన్నం తిని వచ్చేసరికి ఫోను మోగిపోతోంది. చిలమత్తూరు కౌంటరాయన అరుస్తున్నాడు.

"ఏం మేడమ్, ఏ పేరు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు! ఈడ జనం నన్ను కొట్టేటట్టుండారు!"

మిగతా రెండు ఊళ్ళలోనూ అదే కథ. సర్వర్లు మూడూ నిక్షేపంగా తిరుగుతున్నాయి. అన్నిచోట్లా ఒక్కసారే ఆగిందంటే తప్పు ఎక్కడో నాకు తెలుసు. మూలకు పరిగెత్తాను. నాలుగో మిషన్ ఆపేసి ఉంది. దాని మీద చక్కగా మడత పెట్టిన తడి తువ్వాలు. నీళ్ళు బొట్లు బొట్లుగా లోపలికి కారుతున్నాయి.

"అన్నా! ఏం పని ఇది?"

"దానికి పాపం ఒక్కరోజన్నా రెస్టు ఇయ్యలేదమ్మా. ముట్టుకుంటే చెయ్యి కాల్తాండాది. ఆ మూడూ తిరుగుతాండాయి గదా, ఏమైతాది?"

"ఆ మూడూ దీన్ని అడగందే నోరు విప్పవన్నా!"

ఆయన నిజంగానే నివ్వెరపోయాడు. "మూడు మిషన్లుండీ, ఒక్కదానికీ సొంత బుద్ధి లేదా?"

ఉండకూడదనే కదా నేను అంత కష్టపడింది! కోపం, భయం, ఏడుపు అన్నీ కలిసి వచ్చాయి. తడి మీద కరెంటు వేస్తే బోర్డు కాలిపోతుంది. విప్పి, తుడిచి, టేబుల్ ఫ్యాను ముందు పెట్టాను. ఆయన పంచె కొంగుతో మూలమూలలా అద్దుతూ పక్కనే కూర్చున్నాడు. నాకు మాత్రం ఎండలో నిలబడ్డ నాయనే కళ్ళ ముందు మెదులుతున్నాడు. పొద్దు వాలాక గానీ దాన్ని వేయడానికి ధైర్యం చాలలేదు. వేశాక కౌంటర్లు కదిలాయి. చిలమత్తూరులో సగం మంది వెళ్ళిపోయారని, సగం మంది ఇంకా ఉన్నారని చెప్పారు. నాయన ఏ సగంలో ఉన్నాడో అడగడానికి నోరు రాలేదు.

ఆ తర్వాత వారమే అధ్యక్షుడు నాలుగోదానికి జోడు కొనుక్కొచ్చాడనుకోండి. వంతుల మీద రెస్టు ఇవ్వడానికే!

మిషన్ ఆగిన మర్నాడే మొదటి బస్సుకు ఊరెళ్ళి, ఇంటికి కూడా పోకుండా చేనుకే నడిచాను. నాయన గొర్రు తోలుతున్నాడు. రాత్రి విత్తనం ఇంటికి రాగానే ఇంటిల్లిపాదీ కాయలు ఒలిచారట. అప్పటికే సగం చేను విత్తడం అయిపోయింది. హమ్మయ్య అనుకుని గట్టు మీద కూలబడ్డాను.

"నిన్న శానా కష్టమైందా నాయనా?"

"ఏముండాదిలే పాపా. ఆ మిషన్ చేసినోళ్ళను నోటికొచ్చినట్ల తిట్టుకుంటా నిలబడినాం. పొద్దు పోయింది."

"దాన్ని చేసింది నేనేనని తెలీదా నీకు?"

"తెలీకేం."

"తెలిసీ తిట్టినావా?"

నాయన ఎద్దులను అదిలించి, నా వైపు చూడకుండానే అన్నాడు.

"అందరికంటే గట్టిగా తిట్టినా. నేనొక్కడే నోరు మూసుకొని ఉంటే, నా కూతురు చేసిందని పసిగట్టరా?"