దొరస్వామి తన వీధికి తెప్పించిన బస్సు

నగరిలో మగ్గాల వీధికి బస్సును తెప్పించిన మహనీయుడు దొరస్వామి. ఈ ఘనకార్యం డెబ్బై ఎనిమిదిలో జరిగింది. అంతకుముందు ఆయన బోండాలు, కాఫీ అమ్ముకునే మామూలు మనిషి. ఆ తరువాత బోండాలు అమ్ముడుపోని మామూలు మనిషి. మధ్యలో కొన్నాళ్ళు మాత్రం వీధి వర్తకసంఘానికి అధ్యక్షుడు.

ఆయన హోటలు ముందు మోకాలెత్తు అరుగు ఉండేది. నూలు కట్టలు వెనక కట్టుకుని సైకిళ్ళ మీద పోయే నేతవాళ్ళు ఒక కాలు ఆ అరుగు మీద ఆనించి, సీటు దిగకుండానే కాఫీ తాగి, రెండు బోండాలు తిని పోయేవారు. అరవల పెరటాసి నెలలో పసుపు బట్టలు కట్టి అరవదేశం నుంచి తిరుమలకు నడిచిపోయే భక్తులు అక్కడే మూటలు దించి కాళ్ళు పిసుక్కునేవారు. దొరస్వామికి ఇదంతా నామోషీ. సైకిలైనా దిగనివాణ్ణి గిరాకీ అని ఎట్లా అనడం? బస్సుకు అరవై మంది, రోజుకు ఎనిమిది బస్సులు. ఈ హెచ్చవేతలో ఆయనకు స్వర్గం కనిపించింది.

అర్జీ పెట్టాడు. వీధి వెడల్పు చాలదన్నాడు ఇంజనీరు. అయితే అరుగులు తీసేస్తామని అధ్యక్షుడు ప్రకటించి, కొబ్బరికాయ కొట్టి, తొలి గడ్డపార పోటు తన అరుగుకే వేశాడు. వీధంతా ఆయన్ను అనుసరించింది. వెనక సందులో, బస్సు భాగ్యం లేని చోట, అరుగు మీద దోసెలు పోసుకునే మునెమ్మను చూసి ఆయన మనస్ఫూర్తిగా జాలిపడ్డాడు.

బస్సు వచ్చింది. హారన్ కొట్టుకుంటూ వచ్చింది, కొట్టుకుంటూనే పోయింది. అరవై మంది కిటికీల్లోంచి బోండాలను చూశారు. బోండాలు దుమ్ము కప్పుకుని వాళ్ళను చూశాయి. కాలు ఆనించే చోటు లేక సైకిళ్ళు వెనక సందులోకి మళ్ళాయి. పెరటాసి వచ్చేసరికి పసుపు బట్టలూ అటే నడిచాయి. లోపమంతా బోర్డు లేకపోవడంలో ఉందని తేల్చి దొరస్వామి బారెడు బోర్డు రాయించాడు. బస్సులోవాళ్ళు దాన్ని చదివి ముగించేలోగా పుత్తూరు వచ్చేది.

ఏడాది తిరిగేసరికి పొయ్యి రోజు విడిచి రోజు వెలుగుతోంది. "హోటలు మూసి మా నాయన బెల్లం మండీలో మూటలు మోస్తావా, సందులోకి పోయి మునెమ్మను చోటు అడుగుతావా" అని భార్య నాగరత్నమ్మ తేల్చి చెప్పమంది. ఆయన మూడో దారి పట్టాడు. బస్సును తీసేయమని అర్జీ రాసుకుని ఆఫీసుకు వెళ్ళాడు. గుమాస్తా పాత అర్జీలో ఆయన సంతకమే చూపించి, వచ్చిన అభివృద్ధిని వాపసు తీసుకునే ఫారం తమ దగ్గర లేదన్నాడు.

దాంతో సందులోకి వెళ్ళాడు. మునెమ్మ అరుగు మీద అప్పటికి నాలుగు కాళ్ళు ఆని ఉన్నాయి, నలుగురివి.

"మునెమ్మా, ఈ కొసన రవ్వంత చోటిస్తే బోండాలు ఏసుకుంటా."

"ఏసుకో అన్నా. నిలబడినోళ్ళు రెండూ తింటారు. అయితే ఒక మాట. సంఘమూ అర్జీ అంటా నా సందులోకి ఏమన్నా తెచ్చినావంటే, ఈ అట్లకాడతోనే మాట్లాడతా."

సైకిలు మీది ముసలి నేతగాడు మునిరామయ్య దోసె ముక్క నములుతూ, "బస్సు దిగినోళ్ళెవురన్నా వస్తే వాళ్ళకే ముందు పెట్టబ్బా. మేం కాసుకోనుంటాం" అన్నాడు.

దొరస్వామి ఆ మాటను మింగేసి, మరునాడే పొయ్యి మార్చాడు. అధ్యక్ష పదవికి రాజీనామా పంపాడు. సంఘం దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించి, వ్యాపారం పుంజుకోవాలంటే లారీలు కూడా మన వీధినే రావాలని తీర్మానించింది. ఆ తీర్మానం నకలు సందుకు చేరే వేళకు దొరస్వామి రెండో వాయి బోండాలు దించుతున్నాడు. చదవడానికి చెయ్యి ఖాళీ లేదు.