పూల కవర్

బోర్నియో అడవిలో, నది మీద మా చిన్న ఓడ మెల్లగా సాగుతోంది. వికారాబాద్ నుంచి వచ్చిన సేటు ఒకాయన, తన గదిలో పూజ చేసిన పూలను ప్లాస్టిక్ కవర్‌తో సహా నీళ్లలోకి విసిరాడు.

మాది తాండూరు. పక్క ఊరాయనే కదా అని ఊరుకోలేకపోయాను. “ఏంది సేటు గీ పని?”

“దేవుని పూలు చెత్తడబ్బల ఎట్లేస్తం? మన మూసీల గిట్లనే ఏస్తం గదా.”

మూసీ పుట్టేది ఆయన ఊరి గుట్టల్లోనే. నాకు ఒళ్లు మండిపోయింది.

ఓడ నడిపే స్థానికుడు ఇంజన్ ఆపి, పొడవాటి కర్రతో కవర్‌ను పైకి లాగాడు. విప్పి చూసి, “దేవుడికి పెట్టిన పూలా?” అని నన్ను ఇంగ్లిష్‌లో అడిగాడు. అవునన్నాను. పూలను రెండు చేతులతో నదిలో వదిలి, కవర్‌ను సేటు చేతికిచ్చాడు.

అతను అటు తిరగ్గానే సేటు ఆ కవర్‌ను మళ్లీ నదిలోకి విసిరాడు. ఈసారి అందులో పూలు కూడా లేవు.