కొత్త బ్యాటరీ వేయించిన మర్నాడు

మా కోడలు బడి పంతులమ్మ. ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ గౌనిపల్లి బడిలోనే పాఠాలు చెబుతోంది. మేముండేది బేతమంగళ బజారులో, మా కిరాణా అంగడి వెనకాల. ఆమె తెల్లవారకముందే లేచి, సద్ది కట్టుకుని, రెండు బస్సులు మారి బడికి పోతుంది. దీపాలు పెట్టిన తర్వాత ఇల్లు చేరుతుంది. చెప్పులు విడిచి, అక్కడే గడప పక్కన గోడకు ఆనుకుని కాసేపు కూర్చుంటుంది. అప్పుడు ఆమెను ఎవరూ పలకరించకూడదు. నేను కూడా పలకరించను. నోరు మూసుకుని ఉండడం నాకు ఎంత కష్టమో బజారంతటికీ తెలుసు.

మొన్నటి బదిలీల్లో మా చెరువు అవతలి పల్లె బడిలో ఒక ఖాళీ చూపించారు. ఒకటే ఖాళీ. ఇంటి నుంచి నడిచి పోయిరావచ్చు. ఎవరి బడి వాళ్లు ఎంచుకునే కౌన్సెలింగు కోలారు దాటి తమకలో పెట్టారు. పొద్దున పదిన్నరకు పేర్లు పిలవడం మొదలవుతుంది. పిలిచినప్పుడు మనిషి ఎదురుగా లేకపోతే పేరు వరుస చివరికి పోతుంది. చివరికి మిగిలేవి ఎవరూ వద్దనుకున్న బళ్లు.

నాకు అక్షరాలు నేర్పింది ఈ కోడలే. అరవై దాటిన తర్వాత, అంగడిలో బేరాలు లేని మధ్యాహ్నాల్లో నేర్పింది. మాది కర్ణాటక కాబట్టి మొదట బస్సు బోర్డులు చదువుకోవడానికి కన్నడం. ఆ మీదట తెలుగు. సగం అక్షరాలకు తలకట్టు మారిస్తే చాలత్తా అని ఆశ పెట్టి కూర్చోబెట్టింది, మిగతా సగం సంగతి తర్వాత తెలిసింది. అందుకని ఆ దగ్గరి బడి ఆమెకు రావాలని కోరుకున్నానా అంటే, అందుకు మాత్రమే కాదు. గడప దగ్గర అట్లా కూర్చున్న మనిషిని రోజూ చూడడం నావల్ల కాలేదు. సాయంత్రం పూట అంగడిలో నాకు తోడు కూడా కావాలి.

బస్సుల్లో పోతే ఎక్కడ ఆలస్యమవుతుందోనని, కౌన్సెలింగుకు కారులో పోవాలని ముందే అనుకున్నాం. కారు మా అబ్బాయి పాతది కొన్నాడు. వాడు వేకువ రైలుకు బెంగళూరు ఉద్యోగానికి పోతాడు కాబట్టి అది వారంలో ఆరు రోజులు షెడ్డులోనే ఉంటుంది. కోడలికి నడపడం వచ్చు. ముందురోజు మధ్యాహ్నం ఆమె ఊరికే ఒకసారి చూద్దామని తాళం తిప్పితే టిక్కు టిక్కుమని ఊరుకుంది. రాబర్ట్‌సన్‌పేట నుంచి కార్ల ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాం. అతను స్కూటరు మీద కాళ్ల మధ్య కొత్త బ్యాటరీ పెట్టుకుని వచ్చాడు. పాతది పీకేసి కొత్తది బిగించాడు. తాళం తిప్పగానే కారు లేచింది. ఇంగ నిశ్చింతగా పోండి టీచరమ్మా అని చెప్పి, పాత బ్యాటరీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నేను పూజ చేశాను. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అంగడికి గాని ఇంటికి గాని కొత్త తాళం కొంటే దానితో వచ్చిన రెండు తాళంచెవులనూ పసుపు దారంతో దగ్గరగా కట్టి, రాత్రంతా అమ్మవారి ముందు పెడతాం. ఆ దారాన్ని కోయం. వాడగా వాడగా అదే అరిగి తెగిపోవాలి. మా అత్త నాకు చెప్పింది, నేను తప్పకుండా చేస్తున్నాను. కారు కొన్నప్పుడు పూజారి తొందరలో నిమ్మకాయలు తొక్కించి పంపేశాడు, ఇదేమీ చేయలేదు. ఇప్పుడు కొత్త బ్యాటరీ వచ్చింది కదా, మిగిలిపోయిన పని పూర్తి చేద్దామని బీరువాలో పడి ఉన్న రెండో తాళంచెవిని తీశాను. రెంటినీ ఒకదానికొకటి అంటుకునేట్టు కట్టి, మూడు ముళ్లు వేశాను. బ్యాటరీకి కూడా పసుపు రాసి కుంకుమ పెట్టాను.

మర్నాడు కోడలు మంచి చీర కట్టుకుని, కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని కారెక్కింది. కారును నమ్ముకున్నాం కాబట్టి పొద్దుటి బస్సును వదిలేశాం. అది మా ముందు నుంచే పోయింది. ఆమె తాళం తిప్పింది. ఇంజను గిరగిరా తిరిగింది గాని అందుకోలేదు. మళ్లీ తిప్పింది, మళ్లీ అంతే. మావాడికి ఫోను చేస్తే రైలు చప్పుడులో వాడి సలహాలు సగమే వినబడ్డాయి. వినబడిన సగం పనికిరాలేదు.

ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేసి, నాకు కూడా వినబడేట్టు పెట్టింది.

"అన్నా, స్టార్ట్ కావడంల్యా."

"లైట్లు పడతా ఉండాయా?"

"పడతా ఉండాయి. హారన్ కూడా కొడతా ఉండాది."

"సెల్ఫ్ తిరగతా ఉండాదా?"

"బాగా తిరగతా ఉండాది."

"అట్లయితే బ్యాటరీది తప్పు కాదు."

"నువ్వేసిన బ్యాటరీ కదప్పా, తప్పని నువ్వేల చెప్తావు," అన్నాను నేను.

"పెద్దమ్మ పక్కనే ఉండాదా? సరే సరే, నేనే వస్తా ఉండా," అని ఫోను పెట్టేశాడు.

అతను వచ్చేసరికి ఎండ షెడ్డులోకి వచ్చింది. బానెట్ ఎత్తి చూసి నావైపు తిరిగాడు.

"ఏమ్మా, బ్యాటరీకి పసుపు కుంకుమ పెట్టినారు సరే. చీర యాడ?"

"నువ్వు స్టార్ట్ చెయ్యి, చీర నీకే పెడతా."

పసుపు వల్లే కరెంటు సరిగా అందడం లేదన్నాడు. వైర్లు విప్పి, బ్యాటరీ మొనలను గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించాడు. పూజ మీదికి నెపం వచ్చేసరికి కోడలు నావైపు చూడలేదు. చూడకపోవడం కూడా చూడడం లాంటిదే. తాళం తిప్పితే ఇంజను మునుపటికంటే జోరుగా తిరిగింది, అందుకోలేదు. పసుపు తప్పు కాదని తేలింది. ఆ మాట నేను పైకే అన్నాను.

తర్వాత ఎర్త్ వైరు చూశాడు. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి, ఆకాశం వైపు పెట్టి చూసి, మళ్లీ గుచ్చాడు. అన్నీ బాగున్నాయి. నన్ను వెనక సీటు దగ్గర చెవి పెట్టమన్నాడు, తాళం సగం తిప్పగానే పెట్రోలు పంపు జుయ్యిమనాలట.

"వినబడిందామ్మా?"

"నాకు నీ మాటే సగం వినబడదు."

అప్పుడు అతని కన్ను స్టీరింగు వెనక వెలిగే బొమ్మల మీద పడింది. వాటిలో తాళంచెవి బొమ్మ ఒకటి ఎర్రగా ఆరుతూ వెలుగుతూ ఉంది. చాలాసేపు దాన్నే చూశాడు.

"టీచరమ్మా, ఇది దొంగల కోసం పెట్టింది. కీ తలకాయలో చిన్న చిప్పు ఉంటాది. బండిలో ఉండే కంప్యూటరు దాన్ని గుర్తు పడితేనే పెట్రోలు వదులుతాది. బ్యాటరీ తీసినప్పుడు కంప్యూటరు కీని మర్చిపోయినట్టుండాది."

"నిన్న మీరే స్టార్ట్ చేసినారు కదన్నా. నిన్న మర్చిపోలేదే?"

"నిన్న జ్ఞాపకం ఉండె. ఇప్పుడు లేదు." గడ్డం గోక్కున్నాడు. "ఇంగో కీ ఉండాదా?"

"దాంతోనే ఉండాది, చూడు," అన్నాను.

దారంతో కట్టిన జంటలో రెండో దాన్ని తిప్పి గుచ్చాడు. మొదటిది దాని పక్కనే వేలాడుతోంది. ఎర్ర బొమ్మ అట్లాగే ఆరుతూ వెలుగుతూ ఉంది. దాంతో అతనికి సందేహం పోయింది. రెండు తాళంచెవులనూ కారు మర్చిపోయిందని తీర్మానించాడు. కోలారులో అతనికి తెలిసిన మనిషి ఒకడున్నాడట, ల్యాప్‌టాప్ పెట్టి కారుకు మళ్లీ జ్ఞాపకం తెప్పిస్తాడట. సాయంత్రం అతన్ని తీసుకువస్తానన్నాడు.

"సాయంత్రం కారుతో నాకు పనేముందన్నా?" అంది కోడలు.

అతను బానెట్ మూసేశాడు. కేజీఎఫ్ బస్టాండు దాకా స్కూటరు మీద దింపుతానన్నాడు. అక్కడ కోలారు బస్సు వెంటనే దొరికితే, బంగారపేటలో ఎక్కువసేపు ఆగకపోతే, కోలారులో తమకకు ఆటో దొరికితే అందుకోవచ్చు. ఇవన్నీ ఒకేసారి కలిసిరావని మా ముగ్గురికీ తెలుసు. అయినా ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"ఒక కీ నాకియ్యమ్మా," అన్నాడు అతను. "చూస్తే గాని ఏ చిప్పో వాడు చెప్పలేడు."

"రెండూ తీసుకపో."

"ఒకటి బండి దగ్గర ఉండాల కదా. విప్పియ్యమ్మా."

"అది పూజ దారం. విప్పకూడదు, కోయకూడదు."

"కోయకుంటే ఎట్లమ్మా?"

"ఎట్లనో నాకు తెలీదు. మా ఇంట్లో ఎవురూ కోయలా."

కోడలు నాతో ఎప్పుడూ వాదించదు. ఆమె కోపం అట్లా ఉండదు. రోడ్డు వైపు చూస్తూ నెమ్మదిగా అంది.

"అత్తా, ఈ బడి పోతే ఇంగ నేను ఎవురినీ ఏమీ అడగను. గౌనిపల్లికే పోతా ఉంటాను. దారం కోయండి."

అంగడిలోకి పోయి పొట్లాలు కట్టే పురికొస కోసే కత్తి తెచ్చాను. ముళ్లు నేను గట్టిగా వేస్తాను, కోయడానికి కాస్త సేపు పట్టింది. ఒక తాళంచెవి అతను చొక్కా జేబులో వేసుకుని బయటికి పోయి స్కూటరు తన్నాడు. రెండోది నా చేతికిస్తూ కోడలు ఆగింది. ఉక్కపోతకు కారు అద్దాలన్నీ దించి ఉన్నాయి. తాళం తిప్పితే గాని అవి పైకి లేవవు, నాకు అది చేతకాదు. అద్దాలు ఎత్తి పోదామని ఆమె మళ్లీ లోపల కూర్చుని తాళం గుచ్చి సగం తిప్పింది.

అద్దాలు లేవలేదు. ఆమె మీట నొక్కనే లేదు. స్టీరింగు వెనక్కి చూస్తూ అట్లాగే ఉండిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"ఆ ఎర్ర బొమ్మ ఆరిపోయిందత్తా."

తాళం పూర్తిగా తిప్పింది. కారు లేచింది.

బయట స్కూటరు ఆగిపోయింది. అతను పరుగున వచ్చి, ఇంజను వైపు చూసి, నా చేతిలో తెగిన దారం వైపు చూసి, జేబులోంచి రెండో తాళంచెవి తీసి చూశాడు. అతనికి అర్థమైంది గాని నాకు కాలేదు. కోడలే చెప్పింది.

"బండి హాజరు పిలుస్తాది అత్తా. ఒకరే పలకాల. రెండు కీలూ పక్కపక్కనే ఉంటే ఇద్దరు పిల్లోళ్లు ఒకేసారి ఎస్ మిస్ అన్నట్టు. ఎవురు పలికినారో దానికి తెలీలేదు."

"మరి ఈయప్ప మర్చిపోయిందని చెప్పె?"

"నేను కూడా మనిషినే కదమ్మా," అన్నాడు అతను. "బండి మర్చిపోయిందన్నా, నేను మర్చిపోయినానన్నా, ఇప్పుడు స్టార్ట్ అయింది. బయలుదేరండి."

ఇందులో నా తప్పుందని నేను ఇప్పటికీ ఒప్పుకోను. తాళంచెవుల్ని కలిపి కట్టకూడదని ఆ కారు అమ్మినవాళ్లెవరూ నాకు చెప్పలేదు.

రెండో తాళంచెవిని గల్లాపెట్టెలో పడేసి, అంగడి మూసి, నేనూ కారెక్కాను. దారిలో కారు నిలిచిపోతే దాని దగ్గర ఒక మనిషి ఉండాలి, ఆమె బస్సెక్కి పోవచ్చు. ఇంగ భయం లేదు, ఆపి మళ్లీ స్టార్ట్ చేసుకోవచ్చు అని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. పొద్దున్నించీ అతను చెప్పినవాటిలో ఎన్ని నిజమయ్యాయో చూశాం కాబట్టి ఆపకూడదని మేమిద్దరం మాట్లాడుకోకుండానే అనుకున్నాం.

బ్యాటరీ మార్చినందుకు కారు ఇంకా కొన్ని సంగతులు మర్చిపోయింది. గడియారం పన్నెండు చూపిస్తోంది. మేమెంత ఆలస్యమయ్యామో అది చెప్పకపోవడం మేలే అయింది. రేడియో ఏవో అంకెలు అడుగుతోంది, అవి మాకు తెలియవు. కేజీఎఫ్‌లో పాత బంగారు గనుల సైనైడు దిబ్బల పక్కన పోతున్నంతసేపూ బాగానే ఉంది. బంగారపేట రద్దీలో నిలిచినప్పుడు మాత్రం ఇంజను వణుకుతూ ఆరిపోబోయింది. కోడలు ఒక కాలు బ్రేకు మీద పెట్టి, రెండో కాలితో కొంచెం కొంచెం యాక్సిలరేటరు తొక్కుతూ నిలబెట్టుకుంది. వెనక లారీవాడు హారన్ మీద పడ్డాడు. ఆమె పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి పిలుస్తోందో లారీవాణ్ణి తిడుతోందో నేను అడగలేదు. కోలారు దాటేసరికి ఇంజను వణుకు దానంతటదే తగ్గింది.

తమకలో హాలు ముందు కారాపి, ఇంజను ఆపకుండా, హ్యాండ్ బ్రేకు లాగి, సంచి తీసుకుని మెట్లెక్కింది. లోపల మైకులో పేర్లు చదువుతున్నారు. మాటలు కలిసిపోయి ఎవరి పేరో తెలియడం లేదు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. కారు నా కింద గుడగుడమంటూనే ఉంది.

కాసేపటికి వాచ్‌మన్ వచ్చాడు.

"అవ్వా, బండి ఆపు. పొగ లోపలికి వస్తా ఉండాది."

"నాకు ఆపడం రాదప్పా."

"కీ తిప్పితే ఆగుతాది."

"తిప్పేది నాకు వచ్చు. మళ్లీ లేచేది దానికి రాదు."

అతను కారును, నన్ను మార్చి మార్చి చూసి, గొణుక్కుంటూ పోయి హాలు తలుపు ఒక రెక్క మూసేశాడు. దాంతో మైకు కూడా వినబడకుండా పోయింది. టీచర్లు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. కొందరు ఫోన్లో నవ్వుతున్నారు. ఒకావిడ మెట్ల మీదే కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. ఆమెకు ఏ ఊరు వచ్చిందో. ఏసీ చల్లదనానికి నా మోకాళ్లు పట్టేశాయి. దాన్ని తగ్గించే మీట ఏదో తెలియక, ఏదీ ముట్టుకోలేదు.

కోడలు వచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. తలుపు తీసి కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని, చెయ్యి చాచి తాళం వెనక్కి తిప్పింది. ఇంజను ఆగిపోయింది.

"ఏల ఆపినావు?" అన్నాను.

"ఇంగ తొందరేముందత్తా."

నాకు అడగడానికి భయం వేసింది. అయినా అడిగాను. "దొరికిందా?"

"దొరికింది. నేను లోపలికి పోయేటప్పటికి నాకు ముందు ముగ్గురుండారు. ముగ్గురూ టౌను బళ్లే తీసుకున్నారు. మన పల్లె ఎవురికీ పట్టలా."

ఆమె వెనక్కి ఆనుకుని కళ్లు మూసుకుంది. నేను పలకరించలేదు. బయట ఎండ బాగా ముదిరింది, అద్దాలు మూసిన కారు మెల్లగా వేడెక్కుతోంది. కారు మళ్లీ లేస్తుందో లేదో ఇద్దరం చూడలేదు. కాసేపయ్యాక ఆమె కళ్లు తెరవకుండానే అంది.

"అత్తా, సంచిలో పెరుగన్నం ఉండాది. రెండు ముద్దలు తిని పోదాం."