రాహుకాలంలో రీస్టార్ట్

పటమటలో నా డీటీపీ సెంటర్ పరువు ఒక్క శుక్రవారం పూట గంగలో కలిసింది. వైరస్ వల్ల కాదు, కరెంటు వల్ల కాదు. నా అతితెలివి వల్ల. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులవి. నెట్ పెట్టించిన దగ్గర్నుంచీ నా కంప్యూటర్‌కి అప్‌డేట్ల పిచ్చి పట్టుకుంది. శుభలేఖ మధ్యలో ఉండగా "రీస్టార్ట్ చెయ్యమంటావా?" అని అడగడం. వద్దంటే పది నిమిషాలకి మళ్లీ అడగడం. పిలవని పేరంటానికి వచ్చి, పైగా నన్నే లేచి నిలబడమంటుందా?

అప్పుడు ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా సీడీ వచ్చింది. అందులో అప్‌డేట్లని అదుపులో పెట్టే చిన్న ప్రోగ్రాం ఉంది. ఎవరో పుణ్యాత్ముడు ఊరికే రాసి పంచిపెట్టాడట. ఏ వారం ఏ టైముకి అప్‌డేట్ చేసుకోవాలో మనమే చెప్పొచ్చు. "అడక్కుండా రీస్టార్ట్ చేయి" అని టిక్కు కూడా పెట్టొచ్చు. పెట్టాను.

మరి ఏ టైము ఇవ్వాలి? షాపు ఖాళీగా ఉండే టైము. పెళ్లికార్డుల షాపు ఎప్పుడు ఖాళీగా ఉంటుంది? రాహుకాలంలో. ఆ గంటన్నరా నా గుమ్మం తొక్కేవాడుండడు. గోడమీది క్యాలెండర్ చూసి ఏడు వారాల రాహుకాలాలూ ఎక్కించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శుక్రవారం పదిన్నర దాటాక ఎదురు గాజులకొట్టు కరీం గారు వచ్చారు. పెద్దమ్మాయి నిఖా కార్డు.

"ఇప్పుడైతే నీ దగ్గర రష్ ఉండదు కదా సుజాతమ్మా, అందుకే వచ్చా. జుమ్మా నమాజు తర్వాత మావాళ్లకి ప్రూఫ్ చూపించాలి. మధ్యాహ్నానికి ప్రెస్‌కి ఇవ్వాలి" అన్నారు.

"పేర్లు రాసుకొచ్చారాండీ?"

"రాయడమెందుకమ్మా, అంతా నోటికే. ఒక్క పేరు పోయినా ఆ ఇంటివాళ్లు పెళ్లికి రారు."

ఆయన కళ్లు మూసుకుని చెబుతున్నారు, నేను కొడుతున్నాను. ముప్ఫై ఏడు పేర్లు. సేవ్ చేసుకోవచ్చుగా అంటారు మీరు. మీకేం, కుర్చీలో కూర్చుని ఎన్నైనా అంటారు. ముప్ఫై ఎనిమిదో పేరు సగంలో ఉండగా స్క్రీన్ నల్లబడింది.

"ఏమైందమ్మా?"

"దరిద్రపు మిషనండీ. ఊరికే వచ్చిన సీడీ కదా, ఇలాగే ఏడుస్తుంది" అని ఆ పుణ్యాత్ముణ్ణీ, ఆ పత్రికనీ కలిపి తిట్టాను. కంప్యూటర్ లేచింది, పేర్లు లేవలేదు.

"మళ్లీ అట్లా అవదు కదా?"

అవదని ప్రోగ్రాం తెరిచి ఆపుతుంటే, ఆయన నా భుజం మీదుగా తొంగి చూశారు.

"ఆ టైములేంటమ్మా?"

దాచి లాభం లేకపోయింది. "రాహుకాలాలండీ. ఆ టైములో ఎవరూ రారని…"

ఆయన నన్నూ కంప్యూటర్‌నీ మార్చి మార్చి చూశారు. "మాకు లేదు కదమ్మా" అన్నారు మెల్లిగా. పదేళ్లుగా ఎదురుగా ఉన్న మనిషి. ఆ ఆలోచన నాకు ఒక్కసారైనా రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

టైము తరుముతుంటే పేర్లన్నీ మళ్లీ హడావిడిగా చెప్పారు. ప్రతి పేరుకీ సేవ్ చేశాను. ప్రూఫ్ పట్టుకుని పరుగున నమాజుకి వెళ్లారు.

రెండింటికి తిరిగొచ్చారు. వెనకాలే కంకిపాడు నుంచి వచ్చిన వాళ్ల పెద్ద బావగారు, ఖాదర్ గారు. గడ్డం తెల్లగా, ముఖం ఎర్రగా.

"ఇంటికి పెద్దల్లుణ్ణి. నా పేరేదమ్మా?"

కరీం గారు నేల చూపులు చూస్తున్నారు. "తప్పు నాదేనండీ, ఆయన మొదటిసారి చెప్పే ఉంటారు" అన్నాను. జరిగిందంతా ఒప్పుకున్నాను. ఖాదర్ గారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"నా ముందే కొట్టు" అన్నారు. కీబోర్డు మీద చెయ్యి పెట్టబోతుంటే ఆపారు. గోడమీది క్యాలెండర్ దగ్గరికి వెళ్లి, కళ్లజోడు సరిచేసుకుని శుక్రవారం గడి చదివారు. తర్వాత గడియారం చూశారు.

"ఇప్పుడు నీ మిషన్‌కి మంచి టైమేనా అమ్మా?"

కరీం గారు పొట్ట పట్టుకుని బల్ల మీద వాలిపోయారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

కనుక, పాఠకులారా, ఇదే నా ప్రతిజ్ఞ. నా కంప్యూటర్‌కి ఇక జన్మలో రాహుకాలం చూడను. దానికి వర్జ్యం, దుర్ముహూర్తం కూడా లేవు. అన్నట్టు, ఆ కార్డులో పెళ్లికొడుకు పేరు కంటే ఖాదర్ గారి పేరే పెద్దక్షరాల్లో పడింది. అది కంప్యూటర్ చేసింది కాదు. నేనే, భయంతో చేశాను.