ఎడమచెయ్యి అడగని నాట్యం

కట్లర్స్ మిల్స్‌లో ఇంటింటికీ ఉత్తరాలు పంచేది వెర్నా పట్నీ. శనివారం సాయంత్రం ఊరి హాల్లో కాంట్రా నాట్యానికి అడుగులు పిలిచేదీ ఆమే. జంటలు ఎదురెదురుగా రెండు వరసలు కడతాయి. ఫిడేలు అందుకోగానే వెర్నా తర్వాత వెయ్యాల్సిన ఒక్కో అడుగునీ తాళానికి రవ్వంత ముందు గొంతెత్తి పిలుస్తుంది. ఆ రవ్వంతలోనే ఉంది ఆమె విద్యంతా. మాట ఆలస్యమైతే కాళ్ళు తడబడతాయి. పదమూడేళ్ళలో వెర్నా మాట ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదని ఊరంతా గర్వంగా చెప్పుకునేది.

ఆ ఏడు ఏప్రిల్లో, దారులన్నీ చక్రం దిగబడే బురదగా ఉన్నప్పుడు, ఆమె ఓరిన్ స్టబ్స్ ఇంటి ముందు బండి ఆపింది. కిందటి వేసవిలో గడ్డిమోపులు కట్టే యంత్రం అతని ఎడమచేతిని మోచేతి దాకా తినేసింది. ఓరిన్ ఉత్తరాలను గడ్డం కింద ఇరికించుకుని, ఉన్న చేత్తో గేటు దగ్గరి టపా డబ్బా మూత వేసి, ఆమె పక్క సీటులో మేపుల్ పానకం సీసా పెట్టాడు. ఏటా పెట్టేదే.

"శనివారం వస్తున్నావా?" అంది వెర్నా.

"ఎందుకూ? నన్ను చూసి అందరూ జరిగి చోటివ్వడానికా?" నవ్వుతూనే అన్నాడు. "యూనిస్‌ని పంపిస్తాలే."

యూనిస్ అతని భార్య. అతను లేకుండా ఆమె హాలు గడప తొక్కదని ఇద్దరికీ తెలుసు. ప్రమాదానికి ముందు ముప్ఫై ఏళ్ళూ ఆ జంట ఆడని శనివారం లేదు.

ఇంటికొచ్చి వెర్నా వంటింటి బల్ల మీద ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, రెండు కప్పులు పెట్టి జంటల్లా నడిపించడం మొదలుపెట్టింది. దేవుడా, జాలి కనబడని దారొకటి చూపించు అని వేడుకుంది. ఎడమచెయ్యి అక్కర్లేని నాట్యం కట్టడంలో చిక్కు ఎక్కడంటే, కుడిచెయ్యి పట్టి తిరిగిన మనిషికి ఆ వెంటనే ఎడమచెయ్యే ముందుకొస్తుంది. అడుగులో అడుగు కలవాలంటే దానికే పని చెప్పాలి. మూడు రోజులు కప్పులు జరిపింది. నాలుగో రోజు మధ్యలో జడ పెట్టింది. జడంటే నలుగురూ చేతులు పట్టకుండా, భుజాల పక్కనుంచి దూరుతూ అల్లుకుపోవడం. అది ముగిసేసరికి ఎడమచేతి తొందర తీరిపోయి, కుడిచెయ్యి తనంతట తానే ముందుకొచ్చింది. నలుగురూ కుడిచేతులు మధ్యలో కలిపి ఆకాశంలో చుక్క ఆకారంలో తిరిగితే చాలు. వెర్నా ఒక్కతే వంటింట్లో చప్పట్లు కొట్టింది.

మర్నాడు ఓరిన్‌తో, "కొత్త నాట్యం కట్టాను. బాగుందో లేదో చెప్పడానికి పాత కాపు కావాలి. నచ్చకపోతే హాల్లో పెట్టే బీన్స్ భోజనం తిని వెళ్ళిపో," అంది.

ఆ మాట కాదనలేక శనివారం వచ్చాడు. చొక్కా చెయ్యి మడిచి పిన్ను పెట్టింది యూనిస్.

భోజనాలయ్యాక వెర్నా వేదికెక్కింది. "ఇవాళ గిరగిర తిరిగేటప్పుడు ఆడవాళ్ళు రెండు చేతులూ మగవాళ్ళ భుజాల మీద వెయ్యండి. మగవాళ్ళు కుడిచెయ్యి వీపుకి ఆనిస్తే చాలు. మా అమ్మమ్మ కాలం పద్ధతి."

"వెర్నా అమ్మమ్మ కాలం నుంచీ ఆడుతున్నావు, నీకు గుర్తుండాలే హ్యాటీ!" అన్నారెవరో.

"నీ భుజం విరిగాక చెబుతా!" అంది బడి పంతులమ్మ హ్యాటీ.

మొదటిసారి సాఫీగా సాగింది. రెండోసారి చుక్క దగ్గర, పాత అలవాటు కొద్దీ, హ్యాటీ ఓరిన్ ముందు ఎడమచెయ్యి చాపింది. ఓరిన్ నిలబడిపోయాడు. వెనక వచ్చేవాళ్ళు గుద్దుకున్నారు. అతని చూపు గుమ్మం వైపు పోయింది.

"ఆపండి!" అంది వెర్నా. "తప్పు నాది. ఆలస్యంగా పిలిచాను."

హాలు నివ్వెరపోయింది. మాట వేళకే పడిందని ఫిడేలు వాయించే ఆల్డెన్‌కి తెలుసు. అతను తలొంచుకుని కమాను సర్దుకున్నాడు. ఆ అబద్ధాన్ని దేవుడు మన్నించే ఉంటాడు.

మళ్ళీ మొదలైంది. ఈసారి "కుడి!" అన్న మాట జడ విడిపోకముందే పడింది. చేతులన్నీ కలిశాయి. కాసేపటికి వెర్నా మాటలు తగ్గించింది, తర్వాత పూర్తిగా మానేసింది. పిలవక్కర్లేకుండా నాట్యం దానంతటది నడుస్తుంటే వినడమే పిలిచేవాళ్ళకు పండుగ. ఓరిన్ వరస చివరిదాకా వెళ్ళి, యూనిస్‌తో మలుపు తిరిగి, నవ్వుతూ మళ్ళీ వేదిక వైపు వచ్చాడు. ఎవరూ జరగలేదు. ఎవరూ చోటివ్వలేదు. వెర్నా గుండె నిండిపోయింది.

కోట్లు తొడుక్కుంటున్నప్పుడు ఓరిన్ వేదిక దగ్గరికొచ్చాడు.

"వెర్నా, అందులో ఎడమచేతికి ఒక్క పనీ లేదే?"

"లేదా? మర్చిపోయినట్టున్నాను."

"పిలుపు ఆలస్యం, అడుగులో మరుపు. ముసలిదానివైపోతున్నావు," అన్నాడు. టోపీ పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "వచ్చే శనివారం కూడా మర్చిపో."